కేదార్‌కంఠ వెళ్ళే పిల్లల చేతుల కోసం: మూడు పల్చటి తొడుగుల సంగతి



డిసెంబరు చివర్లో మన తొమ్మిదో తరగతి పిల్లలు ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకి ట్రెకింగుకి వెళ్తున్నారని మీకు తెలుసు. మొన్నటి తల్లిదండ్రుల సమావేశంలో బూట్ల గురించి, స్వెట్టర్ల గురించి, తిండి గురించి చాలామంది అడిగారు. చేతుల గురించి ఒక్క అమ్మగారే అడిగారు. "గ్లౌజులు ఎలాంటివి కొనాలి మాస్టారూ? బజార్లో బాగా మందంగా ఉన్నవి చూపిస్తున్నారు, అవి ఒక జత సరిపోతాయా?" అని. రెండు ముక్కల్లో చెప్పేసే జవాబు కాదది. పైగా రెండేళ్ళ కిందట ఇదే విషయంలో నేనే తప్పు చేశాను. అందుకని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కాస్త ఓపికగా చదవండి.

నేను చేసిన తప్పు

అప్పుడు పిల్లలకి ఇచ్చిన సామాన్ల జాబితాలో "మందపాటి గ్లౌజులు, ఒక జత" అని రాశాను. అంతకంటే ఏమీ రాయలేదు. మనం బరంపురం వాళ్ళం. సముద్రపు గాలి, ఉక్కపోత మనకి తెలుసు. చలి అంటే సంక్రాంతి ముందు రోజుల్లో పొద్దున్నే కప్పుకునే దుప్పటి, మహా అయితే దారింగిబాడి పిక్నిక్‌లో వణుకుతూ తాగే టీ. ఎంత మందంగా ఉంటే అంత వెచ్చన అనుకున్నాను.

శిఖరం ఎక్కే రోజు తెల్లవారకముందే బయలుదేరాం. మా గుంపులో పట్టు నేసే ఇంటి అబ్బాయి ఒకడున్నాడు. వాళ్ళ నాన్న అప్పు చేసి మరీ మంచి గ్లౌజులు కొనిచ్చారు. నిటారుగా ఎక్కేటప్పుడు వాడికి లోపల చేతులు చెమట పట్టాయి. తీస్తే చలి, వేసుకుంటే చెమట. కొంతసేపటికి గ్లౌజు లోపలి దూది తడిసిపోయింది. ఇంతలో బూటు తాడు ఊడింది. ఆ లావు వేళ్ళతో ముడి పడదు కదా, రెండు గ్లౌజులూ తీసి మంచు మీద పెట్టాడు. గాలికి ఒకటి జారి కిందికి పోయింది. రెండోది తొడుక్కోబోతే లోపలి తడి గడ్డకట్టి బిరుసెక్కింది.

అదనపు జత నా సంచిలోనే ఉంది. కానీ నావీ అలాంటి లావు గ్లౌజులే. వాటితో సంచి బకిల్ ఊడలేదు. అవి తీసి ప్రయత్నిస్తే కాసేపట్లో నా వేళ్ళూ కొయ్యబారిపోయాయి. ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఒక ప్లాస్టిక్ బకిల్ తీయలేక నిలబడ్డాను. పిల్లాడి వేళ్ళ కొనలు మైనంలా తెల్లబడ్డాయి. మా గైడు పరుగున వచ్చి, తన కోటు విప్పి, వాడి చేతుల్ని తన చంకల్లో పెట్టుకుని మంచులోనే కూర్చున్నాడు. ఆయన పుణ్యమా అని వేళ్ళు దక్కాయి. అయినా రెండు వేళ్ళ కొనలకి కొన్ని వారాలపాటు స్పర్శ సరిగ్గా తెలియలేదు.

వాళ్ళ నాన్న బడికి వచ్చారు. కోప్పడలేదు. "మా ఇంట్లో అందరికీ వేళ్ళే ఆస్తి మాస్టారూ. పోగు తెగితే కంటి కంటే ముందు వేలికి తెలుస్తుంది" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ తరవాత తెలిసినవాళ్ళని అడిగి, చదివి, నా చేతుల మీదే చూసుకుని నేర్చుకున్నది ఇది.

వేళ్ళే ముందు ఎందుకు చల్లబడతాయి?

వేళ్ళని ఆడించే కండలు చాలామటుకు ముంజేతిలో, అరచేతిలో ఉంటాయి. వేళ్ళలో ఉండేది ఎముక, స్నాయువు, చర్మం. అంటే వేళ్ళు తమంత తాము పుట్టించుకునే వేడి తక్కువ. రక్తం తెచ్చిపెట్టే వేడే వాటికి ఆధారం. ఒంటికి చలి తగిలితే గుండె, ఊపిరితిత్తులు, మెదడు చల్లబడకుండా శరీరం ముందు చేతులకీ కాళ్ళకీ వెళ్ళే రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. ఇంటికి డబ్బు తక్కువైనప్పుడు ముందు పై ఖర్చులు తగ్గించినట్టన్నమాట. కాబట్టి పిల్లల వేళ్ళు చల్లబడుతున్నాయంటే, చాలాసార్లు ఒళ్ళు కూడా చల్లబడుతోందని అర్థం. గ్లౌజులు ఎంత మంచివైనా తలకి టోపీ లేకపోతే, కడుపులో తిండి లేకపోతే చేతులు వెచ్చబడవు.

ఇంకో కారణం వేళ్ళ ఆకారం. ఒకే పిండితో ఒక ముద్ద, కొన్ని జంతికలు చేసి పెట్టండి. ఏవి ముందు చల్లారతాయి? జంతికలే. సన్నగా ఉన్నదానికి గాలి తగిలే పైభాగం ఎక్కువ. అందుకే అయిదు వేళ్ళూ విడివిడిగా ఉన్న గ్లౌజు కంటే, నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో, బొటనవేలు మాత్రం విడిగా ఉండే మిట్టెన్ వెచ్చగా ఉంటుంది.

ఇక ఎత్తు సంగతి. వెయ్యి మీటర్లు పైకి వెళితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుందని పిల్లలు భూగోళంలో చదువుకున్నారు. మన నడక మొదలయ్యే సాంక్రీ గ్రామం సుమారు 1,950 మీటర్ల ఎత్తున ఉంది. శిఖరం సుమారు 3,800 మీటర్లు. లెక్క వేస్తే ఊళ్ళో కంటే పైన సుమారు 12 డిగ్రీలు తక్కువ. దానికి గాలి తోడవుతుంది. సున్నాకి కింద 10 డిగ్రీల చలిలో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే, బయటపెట్టిన చర్మానికి అది సున్నాకి కింద 20 డిగ్రీల చలితో సమానంగా తగులుతుంది.

గ్లౌజు వేడి పుట్టించదు

ఇది పిల్లలకి పదే పదే చెప్పండి. గ్లౌజు పొయ్యి కాదు. చేతి వేడిని బయటికి పోనివ్వకుండా ఆపడమే దాని పని. అదైనా ఉన్ని ఒక్కటే చేసే పని కాదు, ఉన్ని పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి చేస్తుంది. గాలి మంచి ఉష్ణవాహకం కాదు. నీళ్ళు అలా కాదు, గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. గ్లౌజు తడిసిందంటే గాలి ఉండాల్సిన చోట నీళ్ళు చేరాయన్నమాట.

ఆపైన ఆ తడి ఆరుతూ ఇంకొంత వేడిని తీసుకుపోతుంది. వేసవిలో కూజాకి తడిగుడ్డ చుట్టి కిటికీలో పెడతాం, నీళ్ళు చల్లబడాలని. తడిసిన గ్లౌజుతో గాలిలో నడవడమంటే మన చేతికి మనమే తడిగుడ్డ చుట్టడం. మందపాటి గ్లౌజులో వచ్చిన చిక్కు ఇదే. ఎక్కేటప్పుడు మరీ వేడి, చెమట పడుతుంది. తడిస్తే ఆ కొండ మీద ఆరదు. ఏ చిన్న పనికైనా పూర్తిగా తీసేయాలి, తీస్తే చెయ్యి బోసి. ఒక్కటి పోతే మిగిలేది ఏమీ లేదు.

అందుకే ఒక్క మందపాటి జతకి బదులు మూడు పల్చటివి.

ఒకటి: లోపలి తొడుగు

వేళ్ళకి అతుక్కుని ఉండే పల్చటి అల్లిక గ్లౌజు. ఇది పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతి మీదే ఉంటుంది. దీంతోనే జిప్పు లాగాలి, బూటు తాడు కట్టాలి, బిస్కెట్ పాకెట్ చింపాలి, ఫోటో తీయాలి. పాలియెస్టర్‌దైనా సరే, సన్నటి ఉన్నిదైనా సరే. నూలుది మాత్రం వద్దు. ఎన్.సి.సి. పెరేడ్‌కి వేసుకునే తెల్ల గ్లౌజులు ఇంట్లో ఉన్నాయని కొందరు అన్నారు. అవి నూలువి, చెమటని పీల్చుకుని అలాగే పట్టుకుంటాయి, త్వరగా ఆరవు. పెరేడ్‌కి మంచివే, మంచుకి పనికిరావు. ఈ లోపలి తొడుగులు రెండు జతలు కావాలి. ఒకటి తడిస్తే ఇంకొకటి.

రెండు: మధ్య తొడుగు

గాలిని పట్టి ఉంచేది ఇది. ఉన్నితో అల్లినదైనా, ఫ్లీసు గుడ్డతో కుట్టినదైనా పరవాలేదు. ఉన్నికి ఒక మంచి గుణం ఉంది. తన బరువులో మూడో వంతు దాకా తేమని పోగుల లోపలికి తీసుకున్నా పైకి తడిగా అనిపించదు. ఫ్లీసు నీళ్ళని దాదాపు పీల్చుకోదు, గట్టిగా విదిలిస్తే చాలావరకు పోతాయి. రెండింటికీ ఉన్న లోపం ఒక్కటే, గాలి వీస్తే అల్లికలోంచి దూసుకొస్తుంది.

మూడు: పైతొడుగు

ఆ గాలిని, మంచుని ఆపడానికి పైన పల్చటి రెయిన్‌కోటు గుడ్డతో చేసిన మిట్టెన్. దీనిలో దూది, ఉన్ని ఏమీ ఉండవు, ఒట్టి గుడ్డే. "ఇంత పల్చటి గుడ్డ చలినేం ఆపుతుంది" అని తీసిపారేయకండి. ఉన్ని గ్లౌజు మీద ఇది వేసుకుంటే, లోపల చిక్కుకున్న వెచ్చటి గాలి కదలదు. అంచు జాకెట్ చేతి మీదకి నాలుగు అంగుళాలైనా రావాలి, లేకపోతే మణికట్టు దగ్గర మంచు దూరుతుంది.

నా దగ్గరున్న మూడు తొడుగుల్నీ సైన్సు గది త్రాసులో తూచాను. మూడూ కలిపి 140 గ్రాములు. అప్పటి నా మందపాటి జత ఒక్కటే 260 గ్రాములు ఉంది.

ఏది ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు తీయాలి?

కొనడం కంటే వాడటం నేర్చుకోవడమే ముఖ్యం. శిఖరం రోజుని ఉదాహరణగా తీసుకుందాం.

తెల్లవారుజామున డేరా లోంచి బయటికి రాకముందే మూడూ వేసుకోవాలి. చల్లబడిన చేతిని వెచ్చబెట్టడం కష్టం, వెచ్చటి చేతిని అలాగే ఉంచడం సులువు.

ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికి ఒంట్లో వేడి పుడుతుంది. చెమట పట్టాక కాదు, పట్టబోతోందనగానే మధ్య తొడుగు తీసి జాకెట్ లోపల, ఛాతీ దగ్గర పెట్టుకోవాలి. వెనక సంచిలో పెడితే మళ్ళీ కావాల్సినప్పుడు నాలాగే బకిల్‌తో కుస్తీ పట్టాలి.

తాడు కట్టాలన్నా, ఏదైనా తినాలన్నా పైవి తీయండి, లోపలి తొడుగు మాత్రం తీయకండి. బోసి చేత్తో ఇనుప సామాన్లు, గడ్డకట్టిన సీసా మూతలు ముట్టుకోవద్దు. తీసినవి నేల మీద పెట్టవద్దు. చిన్నపిల్లల గ్లౌజులకి తాడు కట్టి మెడలో వేస్తారు చూడండి, అలాగే పైతొడుగుకి ఎలాస్టిక్ ముక్క కుట్టి మణికట్టుకి వదులుగా తగిలించుకోవాలి. నవ్వుతారని సిగ్గుపడొద్దు. ఆ రోజు ఆ తాడు ఉండుంటే గ్లౌజు జారిపోయేది కాదు.

పై గట్టు మీదకి చేరగానే గాలి మొదలవుతుంది. అప్పుడు పైతొడుగు తప్పనిసరి. శిఖరం మీద ఆగగానే, చలి వేసేదాకా ఆగకుండా మూడూ వేసుకోవాలి. ఫోటోలు తరవాత.

దిగేటప్పుడు పిల్లలు మంచుతో ఆడతారు, ఆడనివ్వాలి కూడా. పైతొడుగు లేకుండా మాత్రం మంచు ముట్టుకోకూడదు. రాత్రి తడిసిన లోపలి తొడుగుల్ని పిండి, నిద్రసంచిలో కడుపు దగ్గర పెట్టుకుంటే తెల్లారేసరికి చాలావరకు ఆరతాయి. మంట దగ్గర ఆరబెట్టవద్దు, పాలియెస్టర్, ఫ్లీసు కరిగిపోతాయి.

బిగుతు, గాజులు, ఉంగరాలు

మూడూ వేసుకుని పిడికిలి బిగించి చూడండి. ఎక్కడా పట్టేసినట్టు ఉండకూడదు. బిగుతైతే రక్తం ఆడదు, లోపల గాలికీ చోటుండదు. అందుకని మధ్యది ఒక సైజు పెద్దది, పైది ఇంకా వదులుగా ఉండాలి. ఆడపిల్లల గాజులు, అందరి ఉంగరాలు ఇంట్లోనే తీసేసి పంపండి. లోహం వేడిని త్వరగా లాగేస్తుంది, వేలు వాస్తే ఉంగరం రాదు. మణికట్టుకి కట్టిన దారాలు వదులుగా ఉంటే ఉంచుకోవచ్చు, బిగుతుగా ఉంటే వదులు చేయించండి.

ఖర్చు తగ్గించే దారి

ఖరీదైనవి కొనమని నేను చెప్పడం లేదు. మధ్య తొడుగుకి చలికాలంలో స్వెట్టర్లు అమ్మే అంగళ్ళలో దొరికే ఉన్ని గ్లౌజులు చాలు. అల్లడం వచ్చిన నాయనమ్మలు, అమ్మమ్మలు ఉంటే ఇంకా మంచిది.

పైతొడుగుని మనమే కుట్టుకోవచ్చు. పాత రెయిన్‌కోటు గుడ్డ తీసుకోండి. ఉన్ని గ్లౌజు వేసుకున్న చేతిని కాగితం మీద పెట్టి, చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు వదిలి గీత గీయండి. ఆ కొలతకి ఒక్కో చేతికి రెండు ముక్కలు కత్తిరించి కుట్టడమే. సూది రంధ్రాల్లోంచి వానలో నీళ్ళు దిగుతాయి, పొడి మంచుకి ఆ ఇబ్బంది తక్కువ. మన కుట్టుపని టీచరుగారు శనివారం మధ్యాహ్నాలు నేర్పుతానన్నారు. గుడ్డ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, లేనివాళ్ళు ఉత్త చేతులతో రండి.

అత్యవసరానికి ఒక చిట్కా. అదనపు జత ఉన్ని మేజోళ్ళు ఉంటే, చేతులకి తొడుక్కుంటే మిట్టెన్లే. పైన ప్లాస్టిక్ సంచి వేసి వదులుగా కడితే కాసేపటికి పైతొడుగు పని కూడా జరుగుతుంది.

ప్రమాదం ఎలా తెలుస్తుంది?

ముందు వేళ్ళు నొప్పెడతాయి, తరవాత సూదులు గుచ్చినట్టు ఉంటుంది. ఆ దశలోనే చెప్పమని పిల్లలకి నేర్పండి. నొప్పి ఆగిపోయి మొద్దుబారితే తగ్గిపోయిందని సంబరపడకూడదు, అదే అసలు హెచ్చరిక. చర్మం పాలిపోయి మైనంలా కనిపిస్తే వెంటనే ఆగి పెద్దవాళ్ళకి చెప్పాలి. చామనఛాయ ఒంట్లో అది బూడిదరంగుగా కనిపించవచ్చు.

అప్పుడు చేయాల్సింది: గాలి తగలని చోటికి వెళ్ళి, తడివి తీసేసి, చేతుల్ని తన చంకల్లోనో పక్కవాళ్ళ చంకల్లోనో పెట్టాలి. వెచ్చటి పానీయం, తిండి ఇవ్వాలి. చేయకూడనివి: వేళ్ళు రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. మంట మీద కాచకూడదు, మొద్దుబారిన వేలికి కాలినా తెలియదు. చర్మం గట్టిపడినా, బొబ్బలొచ్చినా, స్పర్శ తిరిగి రాకపోయినా అది డాక్టరు పని. కిందికి దింపడమే మన పని. ఒకసారి కరిగిన వేలు మళ్ళీ గడ్డకడితే నష్టం ఇంకా ఎక్కువ.

ఇంట్లో చేసి చూడండి

ఒకే రకం చిన్న సీసాలు నాలుగు తీసుకుని, ఒకే వేడి ఉన్న గోరువెచ్చటి నీళ్ళు సమానంగా పొయ్యండి. ఒకదాన్ని అలాగే వదిలేయండి. రెండోదానికి తడి నూలు గ్లౌజు, మూడోదానికి పొడి ఉన్ని గ్లౌజు, నాలుగోదానికి పొడి ఉన్ని గ్లౌజు, దాని మీద ప్లాస్టిక్ సంచి. నాలుగింటినీ టేబుల్ ఫ్యాను ముందు పెట్టి, అయిదేసి నిమిషాలకి థర్మామీటరుతో చూసి రాసుకోండి. మా క్లాసులో చేశాం. తడి గ్లౌజు వేసిన సీసా, ఏమీ వెయ్యని సీసా కంటే ముందు చల్లబడింది. ప్లాస్టిక్ సంచి వేసినది అన్నిటికంటే ఎక్కువసేపు వెచ్చగా ఉంది. నేను పలక మీద గంటసేపు చెప్పినా ఎక్కని పాఠం ఆ ఫ్యాను ముందు ఎక్కింది.

"ఎందుకండీ ఇంత దూరం, ఇంత చలిలోకి" అని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఆ భయం సహజమే. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకి 13 ఏళ్ళు, తెలంగాణ గురుకుల పాఠశాల విద్యార్థిని. ఆమె కూడా మనలాగే వేడి ప్రాంతంలో పుట్టిందే. చలిలో మెలగడం శిక్షణలో నేర్చుకుంది. మన పిల్లలు ఎక్కేది అంత పెద్ద కొండ కాదు, కానీ నేర్చుకుని వెళ్ళడమనేది వాళ్ళకీ అంతే అవసరం.

తేవలసినవి

లోపలి తొడుగులు: 2 జతలు, నూలువి కాకుండా.
మధ్య తొడుగులు: 1 జత, ఉన్నివి లేదా ఫ్లీసువి.
పైతొడుగులు: 1 జత, మణికట్టు తాడుతో.
అదనపు ఉన్ని మేజోళ్ళు: 1 జత.
ఇవన్నీ పెట్టుకోవడానికి గట్టి ప్లాస్టిక్ సంచి: 1.

బయలుదేరే ముందు శనివారం ప్రార్థన అయ్యాక మైదానంలో అందరి తొడుగులూ చూస్తాం. లోపలి తొడుగుతో బూటు తాడు కట్టడం, బకిల్ తీయడం, జిప్పు లాగడం ప్రతి ఒక్కరూ చేసి చూపించాలి. నేనూ చేసి చూపిస్తాను. ఆ రోజు చెయ్యి మొద్దుబారిన అబ్బాయి ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నేర్పడానికి వస్తానన్నాడు.

కొనడం కష్టమైన తల్లిదండ్రులు మొహమాటపడకండి. బడిలో కొన్ని జతలు సిద్ధం చేశాం. సాయంత్రం బడి వదిలాక నా గదికి వచ్చి ఒక మాట చెప్పండి, చాలు. చేతులకి తొడుగు లేదన్న కారణంతో ఏ పిల్లా, ఏ పిల్లాడూ ఆగిపోకూడదు. తొడుగు లేకుండా ఎవరూ కొండ ఎక్కకూడదు కూడా.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు